మొదటి కారు, ఆన్‌రోడ్ 8 లక్షల లోపు: స్విఫ్టా, టియాగోనా, పంచా? బాపేమో డిజైర్ అంటున్నడు

మానేరు పోరడు:

అన్నలూ అక్కలూ నమస్తే. మొదటి కారు కొందామని చూస్తున్న, కొత్తదే కావాలె, మస్తు కన్‌ఫ్యూజన్ల ఉన్న, జర సలహా చెప్పున్రి.

నా సంగతి ఇది. వయసు 23, నానక్‌రామ్‌గూడల జాబు, చేతికి 42 వేలు వస్తయ్. మణికొండల అక్కావాళ్లింట్ల ఉంటున్న కాబట్టి కిరాయి లేదు, బావకు అపార్ట్‌మెంట్ల రెండు పార్కింగులున్నయ్, ఒకటి ఖాళీనే. ఆఫీసుకు బైకు మీదనే పోత, కారొచ్చినా బైకు మీదనే పోత, ఆ ట్రాఫిక్ల కారు తీస్తే నడిచేటోడే ముందు చేరుతడు. కారెందుకంటె ఊరికి. కరీంనగర్ దాటినంక ఇంకో ఇరవై కిలోమీటర్లు మా ఊరు, నెలకు రెండు మూడు సార్లు పోవాలె. బాపుకు మోకాళ్ల నొప్పులు, ఇక్కడ హాస్పిటల్ల చూపిస్తున్నం, బస్సుల వచ్చి జేబీఎస్ కాడ దిగి మళ్ల ఆటో ఎక్కి మణికొండ దాకా రావాలంటె బాపుకు అమ్మకు ఇద్దరికీ తిప్పలైతుంది, నాకు చూడబుద్ధి అయితలేదు.

డ్రైవింగ్ స్కూల్ల నేర్చుకున్న, లైసెన్స్ ఎండాకాలంల వచ్చింది. బావ కారు ఆదివారం పొద్దుగాల రోడ్లు ఖాళీగున్నప్పుడు తిప్పుత. హైవే మీద ఒక్కన్నే ఇంకా పోలె.

పైసలు: చేతిల 2 లక్షలున్నయ్, మిగిలింది లోను. ఆన్‌రోడ్ 8 దాటితె నాకు చెప్పకు అన్నడు బావ.

నాకైతె స్విఫ్ట్ మీద మనసు, దాంట్ల వీఎక్స్‌ఐ అనే వేరియంటు చూసిన. ఫ్రెండేమో టియాగో సీఎన్‌జీ తీస్కో పెట్రోల్ ఎవడు పోస్తడు అంటడు. అమ్మకు కొంచెం ఎత్తున్న బండి కావాల్నట, వ్యాగన్ఆర్, పంచ్ అట్లాంటివి. బాపు మాత్రం "డిక్కీ లేని కారు కారేందిరా" అని డిజైర్ పేరు తప్ప ఇంకోటి తీస్తలేడు. డిజైర్ అంటె నాకు క్యాబే కనిపిస్తది, ఫ్రెండ్స్ బుక్ చేస్కుంటరు నన్ను.

కొత్తగ నడిపేటోనికి ఆటోమేటిక్ మంచిదా? షోరూమోళ్లు 7 ఏండ్ల లోను పెట్టుకో ఈఎంఐ తగ్గుతది అంటున్నరు, పెట్టుకోవాల్నా? అసలు వీటిల ఏది?


గేర్ మాస్టర్:

పంచ్. ఇంకో ఆలోచన వద్దు. క్రాష్ టెస్టులో 5 స్టార్. మిగతావన్నీ రేకు డబ్బాలు.


బిల్లింగ్ బాబాయ్:

పైన ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ తమ్ముడూ ముందు లెక్క చూద్దాం, కారు తర్వాత. నేను చాలా ఏళ్లు కార్ల షోరూముల్లో బిల్లింగ్ సైడు చేశా, మొదట రాజమండ్రి, తర్వాత కూకట్‌పల్లి. ఇప్పుడు మానేశా కాబట్టి ఎవరికీ మొహమాటపడక్కర్లేదు.

యాడ్స్‌లో కనిపించే రేటు ఎక్స్‌షోరూమ్, అంటే రోడ్డు టాక్సూ ఇన్సూరెన్సూ కలపక ముందుది; అవన్నీ కలిపితే ఆన్‌రోడ్. దాన్ని చూసి బడ్జెట్ వేసుకోవడం అంటే బియ్యం రేటు చూసి పెళ్లి భోజనాల ఖర్చు లెక్కేసినట్టు. తెలంగాణలో లైఫ్ టాక్స్ (ఒకేసారి కట్టే రోడ్డు టాక్సు) ఐదు లక్షల లోపు బండికి 13 శాతం, ఐదు నుంచి పది లక్షల మధ్య 14 శాతం. మీది ఆరు ఏడు లక్షల బండి కాబట్టి 14 వేసుకో. అంటే ఆరున్నర లక్షల బండికి టాక్సే 91 వేలు. దాని మీద ఇన్సూరెన్సు ముప్పై నుంచి నలభై వేలు, రిజిస్ట్రేషన్, నంబర్ ప్లేటు, ఫాస్టాగ్ ఇవన్నీ కలిపి ఇంకో నాలుగైదు వేలు. నువ్వు రివర్సులో లెక్కేసుకో, ఆన్‌రోడ్ 8 అంటే ఎక్స్‌షోరూమ్ 6 లక్షల 60, 70 వేల దగ్గర ఆగాలి. ఆ గీత దాటిన వేరియంట్ షోరూములో ఎంత మెరిసినా దాని వైపు చూడకు.

ఇప్పుడు నీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, పైన ఉండే సెస్సు కూడా పోయింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ లోపు ఇంజను ఉంటే చాలు, నువ్వు చెప్పినవన్నీ అందులోకే వస్తాయి.

ఇంకో మాట, మీ బాపు గారి పేరు మీద ఇప్పటికే కారేమన్నా ఉందా? ఉంటే కొత్త బండి ఆయన పేరు మీద తీయొద్దు. ఒకే మనిషి పేరు మీద రెండో కారైతే టాక్సు ఇంకో 2 శాతం ఎక్కువ, ఆరున్నర లక్షలకి అదే 13 వేలు. నీ పేరు మీదే తీసుకో.

ఇన్సూరెన్సు షోరూములోనే చేయించాలని రూలు లేదు, ఎవరన్నా అలా అంటే బయట కొటేషన్ తెచ్చి బల్ల మీద పెట్టు, అప్పుడు రేటు దానంతట అదే దిగుతుంది. కొత్త కారుకి థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) మూడేళ్లది కలిపే కట్టాలి, 2018 సెప్టెంబరు నుంచి అదే పద్ధతి. వెయ్యి సీసీ లోపైతే 6,521, వెయ్యి నుంచి 1500 సీసీ వరకు 10,640, పైన జీఎస్టీ సంగతి వేరే చూసుకో. ఇది ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే రేటు. బేరం అంతా ఓన్ డ్యామేజీ (మన బండికి తగిలే దెబ్బలకి) దగ్గరా యాడాన్ల (పైన తీసుకునే అదనపు కవర్ల) దగ్గరా ఉంటుంది. జీరో డెప్ (పార్టుల అరుగుదల కింద కోత లేకుండా ఇచ్చేది) తీసుకో, కొత్త డ్రైవరువి, గీతలు పడతాయి. హైదరాబాద్ వానలకి ఇంజన్ ప్రొటెక్ట్ కూడా తీసుకో. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, ఇంజన్లోకి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, మామూలు పాలసీలో అది రాదు. మిగతా పది రకాల యాడాన్లు అడ్డంగా కొట్టేయ్.

కొటేషన్‌లో హ్యాండ్లింగ్ చార్జీలు అని కనిపిస్తే పెన్నుతో కొట్టేసి ఇవ్వు. ఎసెన్షియల్ కిట్టు, అండర్ కోటింగు, టెఫ్లాన్ ఇవన్నీ వాళ్ల ఇన్సెంటివ్ కోసం, నీ కారు కోసం కాదు. ఈ లిస్టు మేమే తయారుచేసేవాళ్లం కదా.

లోను: 6 లక్షలు, 9 శాతం అనుకుందాం. ఐదేళ్లకైతే ఈఎంఐ 12,455. ఏడేళ్లకైతే 9,653. నెలకి 2,800 తగ్గినట్టు కనిపిస్తుంది గానీ మొత్తం వడ్డీ లక్షా 47 వేల నుంచి 2 లక్షల 10 వేలకి పోతుంది, అంటే 63 వేల పైన ఎక్కువ కడతావు. పైగా ఏడో ఏడు వచ్చేసరికి బండికి టైర్లు, బ్యాటరీ, క్లచ్చు అన్నీ మార్చేసి ఉంటావు, ఇంకా ఈఎంఐ నడుస్తూనే ఉంటుంది. ఐదేళ్లే పెట్టు. జీతం పెరిగితే మధ్యలో కొంత కట్టేయొచ్చు, దానికి చార్జీ ఎంతో సంతకం పెట్టేముందే బ్యాంకులో అడుగు.


పాతబండి పటేల్:

23 ఏళ్లకి 6 లక్షల అప్పు ఎందుకు బాసూ. కొన్నేళ్లు నడిచిన స్విఫ్టో ఐ10ఓ మూడున్నర నాలుగు లక్షల్లో దొరుకుతుంది, దాని మీద చెయ్యి తిరిగాక కొత్తది కొనుక్కో. నెలకి మూడు సార్లు తీసే బండికి ఇంత పెట్టుబడా. ఎం పరివాహన్‌లో నంబరు కొడితే ఓనరు ఎన్నోవాడు, లోను ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటివరకు అన్నీ తెలుస్తాయి. హైపోతికేషన్, అంటే ఆర్సీ మీద ఉండే లోను ఎంట్రీ, క్యాన్సిల్ చేయించకుండా అమ్మేవాళ్లు ఉంటారు, అది ఒక్కటి చూసుకుంటే చాలు.


మానేరు పోరడు:

@పాతబండి పటేల్ అన్నా నువ్వన్నదాంట్ల తప్పు లేదు గని మా ఇంట్ల ఇది మొదటి కారు, బాపు కొండగట్టుకు తీస్కపోయి పూజ చేయించాలె అంటున్నడు, ఇంకోని బండికి ఎట్ల చేయిస్తం అని అమ్మ. సెకండ్ హ్యాండ్ ముచ్చట ఇంట్ల మూసేసిన్రు.

@బిల్లింగ్ బాబాయ్ అంకుల్ మస్తు థాంక్స్. బాపు పేరు మీద ట్రాక్టరే ఉంది, కారు లేదు. అయినా నా పేరు మీదనే తీస్త.


సింహాచలం మలుపు:

హాయ్ తమ్ముడూ, నేను విశాఖ నుంచి. నా మొదటి కారు ఏఎంటీ రకం ఆటోమేటిక్, ఇప్పటికీ అదే నడుపుతున్నాను కాబట్టి ఆటోమేటిక్ ప్రశ్నకి నేను చెప్తాను.

ఏఎంటీ అంటే లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్చు నొక్కే పనీ గేరు మార్చే పనీ మన బదులు ఒక మోటారు చేస్తుంది, అంతే. అందుకే చవక, మాన్యువల్ కంటే ఓ 45 నుంచి 60 వేలు ఎక్కువ ఉంటుంది. మైలేజీ పెద్దగా తగ్గదు. కానీ గేరు మారేటప్పుడు బండి ఒక్క క్షణం ఆగి ముందుకి తోసినట్టు ఉంటుంది, ముఖ్యంగా లారీని ఓవర్‌టేక్ చేద్దామని గట్టిగా తొక్కినప్పుడు. కొత్తల్లో ఆ గ్యాప్ భయం వేస్తుంది. కొన్నాళ్లకి మన కాలికి తెలిసిపోతుంది, ఎప్పుడు కొంచెం వదలాలో. మాది అంతా ఎత్తు పల్లాల ఊరు, సిగ్నల్ దగ్గర ఏటవాలులో ఆగితే బ్రేకు తీసి యాక్సిలరేటరు తొక్కేలోపు వెనక్కి జారకుండా హిల్ హోల్డ్ ఉండాలి, ఏఎంటీ తీసుకుంటే అది ఉన్న వేరియంటే తీసుకోవాలి.

నీ విషయంలో మాత్రం మాన్యువల్ చాలు అనిపిస్తోంది. ఆఫీసుకి బైకు, కారు హైవేకి అంటున్నావు. క్లచ్చు బాధంతా ట్రాఫిక్‌లో, హైవే మీద ఏముంది. ఆ యాభై వేలు వేరే దానికి వాడుకో.

అసలు నేను రాద్దామనుకున్నది ఇది కాదు. బాపు గారికి మోకాళ్ల నొప్పులన్నావు, ఆయన కోసమే కారన్నావు, మరి ఆయన్ని షోరూముకి తీసుకెళ్లావా? మా అమ్మకీ అదే సమస్య. డిక్కీ బయటికి ఉండే సెడాన్లలో సీటు కిందకి ఉంటుంది, ఎక్కేటప్పుడు కూలబడినట్టు కూర్చోవాలి, దిగేటప్పుడు డోరు పట్టుకుని శరీరం మొత్తం మోకాళ్ల మీద పైకి లేపాలి. డిజైర్ అయినా స్విఫ్ట్ అయినా ఇందులో ఒకటే. అదే సీటు మన నడుం ఎత్తుకి దగ్గరగా ఉండే బండ్లలో పక్కకి జరిగి కూర్చోవడమే. డిక్కీ గురించి ఆయన మాట్లాడుతున్నారు గానీ నాలుగుసార్లు ఎక్కి దిగితే ఆయనే మాట మార్చేస్తారు. ఊరికే ఒకసారి కూర్చోబెట్టి బాగుందా అంటే కొడుకు కొంటున్నాడని బాగుందనే అంటారు. ఎక్కమను, దిగమను, మళ్లీ ఎక్కమను. వెనక సీట్లో కూడా. మొహం చూడు, మాట వినకు.

నీకు కూడా ఒక టెస్టు. సీటు నీకు సరిపడా జరుపుకున్నాక క్లచ్చు పూర్తిగా నొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగే ఉండాలి, తన్నుకుని చాపాల్సి వస్తే లాంగ్ డ్రైవ్‌లో నడుం పోతుంది. తర్వాత షోరూము పార్కింగులోనే రివర్సు చేసి చూడు, వెనక అద్దంలోంచి ఎంత కనిపిస్తోందో తెలుస్తుంది. సేల్స్ అబ్బాయి మెయిన్ రోడ్డు మీద ఒక రౌండు కొట్టించి దింపేస్తాడు, ఒప్పుకోకు.


గేర్ మాస్టర్:

అక్క అన్నదానికి ప్లస్ వన్. పంచ్ డోర్లు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. ఊరికే చెప్పలేదు నేను.


బెజవాడ బండి:

టియాగో సీఎన్‌జీ ఓనర్ని నేను, 2022 చివర్లో తీసుకున్నా. బండి మంచిదే, కంప్లైంట్ లేదు. గ్యాస్ మీదే స్టార్ట్ అవుతుంది, బాడీ గట్టిగా ఉంటుంది, 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే క్రాష్ టెస్టులో 4 స్టార్లు వచ్చాయి దీనికి. అయినా మీకు వద్దంటా, ఎందుకంటే లెక్క కుదరదు.

మీరు నెలకి రెండు మూడు సార్లు పోయొస్తే పోను రాను వెయ్యి కిలోమీటర్లు దాకా అవుతుంది కదా. పెట్రోలు హైదరాబాద్‌లో లీటరు 107 అనుకుని, హైవే మీద 17 ఇచ్చినా నెలకి 6,300. గ్యాస్ కిలో 96 అనుకుని, కిలోకి 24 వచ్చినా నెలకి 4 వేలు. మిగిలేది 2,300. సీఎన్‌జీ వేరియంటుకి తొంభై వేలు లక్ష ఎక్కువ పెట్టాలి. ఆ డబ్బులు తిరిగి రావడానికి మూడున్నరేళ్లు. నేను రోజూ గుంటూరు పోయొస్తా కాబట్టి నాకు ఎప్పుడో వచ్చేశాయి. పైగా డిక్కీలో సిలిండరు ఉంటుంది, నాది పాత మోడల్ కాబట్టి ఒక్కటే పెద్దది, 2023 నుంచి రెండు చిన్న సిలిండర్లు కింద పెడుతున్నారు, కొంచెం నయం, అయినా మీ బాపు గారు బియ్యం బస్తా వేద్దామంటే కష్టమే. పండక్కి ఊరెళ్లే రోజు సీఎన్‌జీ బంకు దగ్గర లైను చూశారా ఎప్పుడన్నా. సిలిండరుకి మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు కూడా చేయించాలి. రోజూ తిరిగేవాడికే సీఎన్‌జీ.


డాలస్ దద్దోజనం:

ఇక్కడ అమెరికాలో మా వాడికి పందొమ్మిది, వాడి పేరు పాలసీలో చేర్చగానే ప్రీమియం చూసి కళ్లు తిరిగాయి, కుర్ర డ్రైవర్లంటే ఇక్కడ అంతే బాదుడు. అక్కడ వయసు చూడరా? తెలుసుకుందామనే అడుగుతున్నా.


బిల్లింగ్ బాబాయ్:

@డాలస్ దద్దోజనం మామూలుగా చూడరండీ, ఇక్కడ ఇంజను సీసీ, బండి విలువ, బండి వయసు, రిజిస్ట్రేషను ఏ ఊళ్లో అన్నదే లెక్క. నడిపేవాడికి 23 అయినా 53 అయినా దాదాపు ఒకటే. హైదరాబాద్ లాంటి పెద్ద ఊళ్లు జోన్ ఏ, కరీంనగర్ లాంటివి జోన్ బి, కొంచెం తక్కువ పడుతుంది. కుర్రాడు జాగ్రత్తగా నడిపితే కలిసొచ్చేది నో క్లెయిమ్ బోనస్, మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజీ మీద 20 శాతం, అలా ఐదేళ్లకి 50 శాతం దాకా పోతుంది. అందుకే తమ్ముడూ, బంపరు గీతకి క్లెయిముకి పరిగెత్తకు, బయట రెండు మూడు వేలలో అయిపోయేదానికి బోనస్ పోగొట్టుకోకు.


మానేరు పోరడు:

అప్‌డేట్. సింహాచలం అక్క చెప్పినట్టే చేసిన. బాపు మొన్న హాస్పిటల్‌కు వచ్చినప్పుడు సాయంత్రం షోరూములకు తిప్పిన, బావ కూడ వచ్చిండు.

ముందు డిజైర్ కాడికే పోయినం, ఆయన మాట దక్కియ్యాలె కదా. చూడంగనే డిక్కీ తెరిచి చెయ్యి పెట్టి కొలిచిండు, ఖుషీ అయిండు. రేటు చూస్తే అన్నిటికంటె కింది మోడల్ ఎల్‌ఎక్స్‌ఐ ఆరుంపావు లక్షల దగ్గర ఉంది, బాబాయ్ లెక్క ప్రకారం ఆన్‌రోడ్ ఏడున్నర చిల్లర, బడ్జెట్ల వస్తది. 6 ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ (బండి జారిపోకుండ పట్టేది) కింది మోడల్‌కు గూడ ఉన్నయ్, 2024ల గ్లోబల్ ఎన్‌క్యాప్‌ల 5 స్టార్లు, అంటె గేర్ మాస్టర్ అన్నా, అన్నీ రేకు డబ్బాలు కాదే. పాటలకు సిస్టమ్ ఉండదు, అది బయట పెట్టించుకోవచ్చు. నిజంగ చెప్తున్న, అప్పటిదాకా క్యాబు క్యాబు అని నవ్విన గని అక్కడ నా మనసు కూడ జరంత మారింది.

ఇగ బాపును కూసోబెట్టిన. కూసుండుడు అయింది. దిగేటప్పుడు ఎడమ కాలు బయట పెట్టి, డోరు మీద ఒక చెయ్యి, సీటు మీద ఒక చెయ్యి ఏసి, ఒకసారి లేవబోయి మళ్ల కూసున్నడు. సేల్స్ పిల్ల చెయ్యి ఇయ్యబోతె వద్దన్నడు. రెండోసారి లేసిండు గని పండ్లు బిగపట్టిండు. "మంచిగనే ఉందిరా" అన్నడు. అక్క చెప్పకపోతె నేను ఆ మాట పట్టుకొని అక్కడ్నే బుక్ చేసేటోన్ని.

పంచ్‌ల మూడుసార్లు ఎక్కి దిగిండు, ఎవ్వల చెయ్యి పట్టలె. డోరు మొత్తం తెరుచుకుంటది కాబట్టి తిరిగి కాళ్లు లోపల పెట్టుడు అల్కగ అయితుంది. వ్యాగన్ఆర్ల గూడ ఎక్కుడు అల్కనే, లోపల జాగ మస్తు, రేటు గూడ తక్కువ, గని టెస్ట్ డ్రైవ్‌ల ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీస్ రోడ్డు మీద జర స్పీడు పోంగనే గాలికి అల్లాడినట్టనిపించింది, హైవే బండి కావాలె నాకు.

పంచ్‌ల నాకు నచ్చనిది ఇంజను. మూడు సిలిండర్లు, నిలబెట్టి ఉంచితె గేర్ రాడ్డు సన్నగ వణుకుతది. స్విఫ్ట్ గూడ మూడు సిలిండర్లేనట కొత్తది, గని అంత తెలుస్తలేదు. ఓవర్‌టేక్‌కు పంచ్‌ల గేరు దించుకోవాలె. బాపు ఒక్క మాట అన్నడు, "ఉరుకనీకి కొంటున్నవా, మమ్ములను తీస్కపోనీకి కొంటున్నవా" అని. ఇగ ఏమంట.


గేర్ మాస్టర్:

😎


గజ్వేల్ బైపాస్:

నేను మీ కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీదనే తిరుగుత తమ్మీ, కాబట్టి కొన్ని చెప్త.

రాజీవ్ రహదారి నాలుగు లైన్లే గని మధ్యల ఊర్లు శానా, యూటర్నులు, రాంగ్ రూట్ల ట్రాక్టర్లు. పంచ్‌కు కింద గ్యాప్ డిజైర్ కంటె ఎక్కువుంటది, మీ ఊరి స్పీడు బ్రేకర్లకు, నలుగురు కూసున్నప్పుడు అది తెలుస్తది. అసలు భయం వరి కోతలప్పుడు. అక్టోబర్ ఆఖరు నుంచి, మళ్ల ఏప్రిల్ల, లోపలి రోడ్ల మీద సగం వరకు వడ్లు ఆరబోస్తరు, పొద్దుమూకంగనే కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పి చుట్టు రాళ్లు పెడ్తరు. రాత్రి లైట్ల ముంగట అది రోడ్డు లెక్కనే కనపడ్తది. ఎదురుంగ వచ్చేటోడు హైబీమ్ ఏస్తే ఇగ అంతే. కొత్తల్ల ఊరి రోడ్డు పగటి పూటనే పో. మొదటి ట్రిప్పు ఒక్కనివి పోకు, బావను పక్కన కూసోబెట్టుకో.

షామీర్‌పేట కాడ ఓఆర్‌ఆర్ ఎక్కితె మణికొండ దాకా సిగ్నల్ లేదు, 120 దాకా పోనిస్తరు కాబట్టి అందరు ఉరుకుతరు, నువ్వు ఉరుకకు, కుడి దిక్కు లైన్లు ఇడిచిపెట్టు. ఇంకోటి, ఫాస్టాగ్ ఏడాది పాసు తీసుకొమ్మని ఎవరన్న చెప్తె తీసుకోకు, అది నేషనల్ హైవేలకే. రాజీవ్ రహదారి స్టేట్ హైవే, ఓఆర్‌ఆర్ దాని లెక్క దానిదే, రెండింట్ల పనిచెయ్యదు.

బాపు ముందట ఇనుప గార్డు పెట్టియ్యమంటడు చూడు, పశువులు అడ్డం వస్తయని. పెట్టియ్యకు. 2017ల్నే కేంద్రం వద్దన్నది, చలానా సంగతి అటుంచు, ముందట గుద్దినప్పుడు ఆ దెబ్బ బంపర్ నలిగి తీసుకోవాలె, సెన్సార్‌కు టైముకు తెల్వాలె, అప్పుడే ఎయిర్‌బ్యాగు బెలూన్లు ఇచ్చుకుంటయ్. ఇనుప కడ్డీ ఆ దెబ్బను సీదా ఛాసీస్‌కు పంపిస్తది. సీటు కవర్లు గూడ ఆగు. సైడ్ ఎయిర్‌బ్యాగులున్న బండైతె అవి సీటు పక్క కుట్ల కాడ ఉంటయ్, చిన్న ట్యాగు కుట్టి ఉంటది చూడు. బజార్ల టైటుగ కుట్టిన కవరేస్తె బెలూన్ బయటికి రానీకి తొవ్వ ఉండదు. పక్కల కుట్టు లేని కవర్లు అడిగి తీసుకో.


బిల్లింగ్ బాబాయ్:

పంచ్ అయితే ఏ వేరియంటు అనుకుంటున్నావో రాయి. ఐదున్నర లక్షల పైచిలుకు నుంచి మొదలవుతుంది, ఒక మెట్టు పైది తీసుకున్నా నీ గీత లోపే ఉంటావు. ఎన్ని ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ ఉందా, వెనక సీటుకి హెడ్‌రెస్టులు ఉన్నాయా అన్నది ఆ వేరియంటు బ్రోచర్ చేతిలో పట్టుకుని చూడు, సేల్స్ వాళ్ల నోటి మాట మీద కాదు, పైది చూపించి కిందది అమ్మడం మామూలే. సన్‌రూఫ్ దగ్గర మాత్రం ఆగిపోవద్దు, మన ఎండలకి అది దేనికి.

డెలివరీ ముందు పనులు. బుకింగ్ కాగితం మీద రంగు, వేరియంటు, ఆఫరు అన్నీ రాయించుకో. బండి స్టాకుయార్డులోకి వచ్చాక, రిజిస్ట్రేషన్ కాకముందే వెళ్లి చూడు. రిజిస్టర్ అయ్యాక ఇది వద్దు ఇంకోటివ్వు అంటే ఎవరూ వినరు. పగటి వెలుగులో చూడు, సాయంత్రం లైట్ల కింద కాదు. ఫామ్ 22 అనే కంపెనీ కాగితంలో తయారైన నెల, ఏడాది ఉంటుంది, అది చూడు. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. స్టెప్నీ టైరుది కూడా చూడు. నాలుగు డోర్ల సందులూ సమానంగా ఉన్నాయా, డోరు లోపలి బోల్టుల మీద పెయింటు చెదిరిందా, మీటరులో ఎన్ని కిలోమీటర్లు, ఏసీ, అద్దాలు, హారను. ఒక షోరూములో ట్రాన్స్‌పోర్టులో నొక్కుపడ్డ బండికి రాత్రికి రాత్రి టచప్ చేసి పూలదండేసి ఇచ్చేయడం నేను కళ్లారా చూశా, కొన్నాయనకి ఇప్పటికీ తెలీదు.

డిసెంబర్లో తీసుకుంటే ఏడాది మారిపోతుందని మంచి డిస్కౌంటు ఇస్తారు. కానీ అమ్మేటప్పుడు ఒక ఏడాది పాతదిగా లెక్కవుతుంది. నువ్వు ఎనిమిది పదేళ్లు వాడతావంటే తీసేసుకో, మూడేళ్లకే మార్చేస్తావంటే జనవరి దాకా ఆగు. ఆషాఢంలో కూడా షోరూములు ఖాళీగా ఉంటాయి, బేరానికి అదే మంచి సీజను, మీ ఇంట్లో ఒప్పుకోరనుకో.


మానేరు పోరడు:

అమ్మ ఆషాఢం మాట ఇనంగనే ఫోన్ పెట్టేసింది అంకుల్ 😂

పంచ్ ఫైనల్, మాన్యువల్ పెట్రోలు, కింది నుంచి రెండోది. 5 ఏండ్ల లోను. హ్యాండ్లింగ్ చార్జీలు 8,500 రాసిన్రు, కొట్టేయమంటె మేనేజర్ను పిలిచిన్రు, బావ మాట్లాడిండు, తీసేసిన్రు. ఇన్సూరెన్స్ బయట కొటేషన్ చూపిస్తె 9 వేలు తగ్గింది. ఎసెన్షియల్ కిట్ మాత్రం కంపల్సరీ అంటున్నరు, మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, ఇంకేందో పర్ఫ్యూమ్ అట, 11 వేలు. అది లేకుంటె డెలివరీ లేటైతది అంటున్నరు, ఏం చెయ్యాలె?


బిల్లింగ్ బాబాయ్:

కంపల్సరీ అయితే ఆ మాటే లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమను. ఎవరూ రాసివ్వరు. మ్యాట్లూ మడ్ ఫ్లాపులూ బయట మూడు వేలలో వస్తాయి. మరీ బిగుసుకుంటే ఇంకో డీలర్ దగ్గరికి పోతా, బుకింగ్ డబ్బులు వెనక్కివ్వండి అను, నెలాఖరు కదా టార్గెట్ ఉంటుంది, దిగొస్తారు.


సింహాచలం మలుపు:

మ్యాట్లు తీసుకునేటప్పుడు డ్రైవరు వైపుది కింద హుక్కుకి తగిలేదే తీసుకో తమ్ముడూ, జారి క్లచ్చు కిందకి పోయేవి వద్దు. కొండగట్టులో పూజయ్యాక టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించేటప్పుడు బావ గారినే నడపమను, అక్కడ జనం మధ్యలో మొదటి గేరు అదీ కష్టం. బాపు గారిని ముందు సీట్లో కూర్చోబెట్టి సీటు మొత్తం వెనక్కి జరుపు, వెనక అమ్మగారు ఒక్కరే కాబట్టి ఆవిడ రెండో వైపు కూర్చుంటారు.